రిటైరయ్యాక ఏం చేయాలి? ముందు మీ విలువలేవో తేల్చుకునే పద్ధతి

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగికి 62 ఏళ్లు, తెలంగాణలో 61, బ్యాంకుల్లోనూ కేంద్ర ప్రభుత్వంలోనూ 60. ఆ నెల ఆఖరి రోజున శాలువా కప్పుతారు, గ్రూపు ఫొటో తీస్తారు. మర్నాటి నుంచీ ఎదురుపడ్డ ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "ఇప్పుడేం చేస్తున్నారు?" గృహిణికి అలాంటి తేదీ ఉండదు. ఆఖరి పిల్లో పిల్లాడో పెట్టె సర్దుకుని వెళ్లిన రోజే ఆమెకు రిటైర్మెంటు. ఆమెను ఆ ప్రశ్న అడిగేవాళ్లు కూడా ఉండరు.

జవాబు తొందరగా చెప్పేయాలన్న ఒత్తిడిలో చాలామంది ముందు కనిపించినదాన్ని పట్టుకుంటారు. గుడి కమిటీ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్, ప్లాట్ల బేరాలు, మనవల పెంపకం. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ ఎందుకు పట్టుకున్నారో తెలియకుండా పట్టుకున్న పని ఆరు నెలలు తిరక్కుండానే చప్పబడుతుంది. అందుకే ముందు విలువలు తేల్చుకుని, పని సంగతి తర్వాత చూడమంటున్నాం.

ఇక్కడ విలువంటే నీతిశతకంలో ఉండే సుగుణం కాదు. ఏది లేకపోతే ఎంత సుఖంగా ఉన్నా మీకు వెలితిగా ఉంటుందో అదే మీ విలువ. దానికీ లక్ష్యానికీ తేడా ఉంది. కూతురి పెళ్లి చేయడం లక్ష్యం, ఒకరోజుతో అయిపోతుంది. ఇంట్లో ఎవరికిచ్చిన మాటా తప్పకపోవడం విలువ, దానికి ముగింపు లేదు. రిటైరయ్యేనాటికి లక్ష్యాలు చాలావరకు తీరిపోయి ఉంటాయి. ఖాళీగా అనిపించడానికి అదే కారణం.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏమేం కావాలి

రిటైరయిన మొదటి రెండు నెలలు వద్దు. పెన్షన్ కాగితాలు, గ్రాట్యుటీ, సర్వీసు రిజిస్టరు చుట్టూ తిరగడం అయ్యాక కూర్చోండి. ఇంట్లో దగ్గరివాళ్లు పోతే సంవత్సరీకం అయ్యేదాకా ఆగండి. దుఃఖంలో ఉన్నప్పుడు ప్రతి జవాబూ ఆ పోయిన మనిషి చుట్టూనే తిరుగుతుంది. ఉద్యోగం ఇంకో ఏడాది ఉందనగానే మొదలుపెట్టగలిగితే మరీ మంచిది.

చివరి మెట్టులోని నాలుగు వారాల పరీక్ష కాక, మొత్తం ఆరుసార్లు కూర్చోవాలి. ఒక్కోసారి 45 నిమిషాలు, మూడు వారాల్లో ముగించాలి. ఒకే ఆదివారం అంతా తేల్చేద్దామనుకుంటే రెండో గంటకే "అన్నీ ముఖ్యమే" అనే దశకు వచ్చేస్తారు. పొద్దున కాఫీ తర్వాత, ఫోను వేరే గదిలో పెట్టి, ఒక్కరే కూర్చోండి. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, విజిటింగ్ కార్డు సైజులో కత్తిరించిన అట్టముక్కలు 60 కావాలి. పాత శుభలేఖలు దీనికి బాగా పనికొస్తాయి. గత మూడు నెలల బ్యాంకు పాస్‌బుక్కు ఎంట్రీలు, యూపీఐ చెల్లింపుల జాబితా కూడా దగ్గర ఉంచుకోండి. అవి నాలుగో మెట్టులో కావాలి.

చేయి వణికి రాయలేకపోతే ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకోండి. మనవడికో మనవరాలికో చెప్పి రాయించవద్దు. వాళ్లు వింటుంటే తెలియకుండానే మంచి తాతయ్యలా, మంచి అమ్మమ్మలా మాట్లాడతారు.

మొదటి మెట్టు: పుష్కరాల లెక్కన జీవితాన్ని విడగొట్టండి

అరవై ఏళ్లను ఒక్కసారిగా తలుచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. పన్నెండేళ్ల చొప్పున ఐదు ముక్కలు చేయండి. గోదావరి పుష్కరాలు 1967, 1979, 1991, 2003, 2015లో వచ్చాయి. కృష్ణ ఒడ్డువాళ్లు 1980, 1992, 2004, 2016 గుర్తుపెట్టుకుంటే చాలు. 1965లో పుట్టినవారికి గోదావరి పుష్కరాలు 14, 26, 38, 50 ఏళ్ల దగ్గర పడతాయి. చదువు, ఉద్యోగంలో కుదురుకోవడం, పిల్లల చదువులు, పెద్దరికం అన్నీ ఇంచుమించు ఈ గీతల మధ్యే సర్దుకుంటాయి. ఇంకా గుర్తు రాకపోతే ఊరందరికీ తెలిసిన సంఘటనలు పట్టుకోండి. 1977 దివిసీమ ఉప్పెన, 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కావడం, 1996 కోనసీమ తుపాను, 2009 కర్నూలు వరద, 2014 రాష్ట్ర విభజన, అదే ఏడాది హుద్‌హుద్, 2020 లాక్‌డౌన్. అప్పుడు మీరు ఏ ఇంట్లో ఉన్నారు, చుట్టూ ఎవరున్నారు అని అడిగితే మిగతాది దానంతటదే వస్తుంది.

ఒక్కో ముక్కలో నాలుగు రకాల సంఘటనలు వెతకండి. ఎవరూ మెచ్చుకోకపోయినా తృప్తినిచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండేది. నష్టమని తెలిసి కూడా చేసింది. చేయాలని ఎంతో ఉండి వదులుకున్నది. మొత్తం ఇరవై రావాలి, పన్నెండు దొరికినా సరిపోతుంది. ఒక్కోటి మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. ఎక్కడ, ఎవరు, ఏం జరిగింది అన్నది చాలు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు బయోడేటా రాయడం. "1989లో డీఎస్సీ, 1998లో ప్రమోషన్, 2006లో ఇల్లు" అని రాస్తే ఒక్క విలువా బయటపడదు. ప్రమోషన్ వచ్చిన రోజు సాయంత్రం ముందుగా ఎవరికి చెప్పాలనిపించింది, ఏ పని చేతుల్లోంచి పోతున్నందుకు బాధ కలిగింది? అది రాయండి.

ఇలా వెనక్కి తిరిగి చూసుకోవడం ముసలితనపు చాదస్తమని ఎవరైనా అంటే పట్టించుకోకండి. వయసు మళ్లినవారు గతాన్ని నెమరువేసుకోవడం సహజమైన పని, మనసును సర్దుకోవడానికి అది పనికొస్తుంది అని అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే వాదించాడు. తర్వాత వృద్ధుల సంరక్షణలో ఇదొక పద్ధతిగా స్థిరపడింది.

రెండో మెట్టు: కోపాన్ని తవ్వండి

నాలుగు రకాల్లో అన్నిటికన్నా నిజం చెప్పేది కోపం. తృప్తిలో కాస్త పొగడ్త కలిసి ఉంటుంది. వదులుకున్నవాటిలో ఊహ కలిసి ఉంటుంది. పాతికేళ్లయినా ఆరని కోపంలో మీ విలువ అలాగే పచ్చిగా ఉంటుంది. అందుకే రెండోసారి కూర్చున్నప్పుడు పూర్తిగా దీనికే కేటాయించండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బ్యాంకు మేనేజరు ఒకరు తన నోట్‌బుక్‌లో ఇలా రాశారనుకోండి: "లోను రెన్యువల్‌కి వచ్చిన రైతును కౌంటర్లో గంటసేపు నిలబెట్టి, రేపు రమ్మన్నారు. ఒళ్లు మండింది." ఇక్కడితో ఆగి, "నాకు రైతులంటే ఇష్టం" అని తేల్చేస్తే పైపైన తడిమినట్టే. "అక్కడ ఏం దెబ్బతింది?" అని మూడుసార్లు అడగండి. ఒకరికి "ఆయన వయసుకైనా మర్యాద ఇవ్వలేదు" అని వస్తుంది. ఇంకొకరికి "పలుకుబడి ఉన్నవాడైతే ఐదు నిమిషాల్లో అయ్యేది" అని వస్తుంది. మరొకరికి "ఫైలు వరసలో పెట్టి ఉంటే అసలా ఆలస్యమే జరగదు" అని వస్తుంది. సంఘటన ఒకటే, విలువలు మూడు: గౌరవం, న్యాయం, పనిలో క్రమం.

ఆ మూడూ రిటైరయ్యాక మూడు వేర్వేరు చోట్లకు నడిపిస్తాయి. గౌరవం ప్రధానమైనవారు పెన్షనర్లు బతికే ఉన్నట్టు నవంబరులో ఇచ్చే జీవన్ ప్రమాణ్ డిజిటల్ సర్టిఫికెట్ ఫోన్‌లో చేసిపెట్టడంలో, వాళ్ల పక్కన ఓపిగ్గా కూర్చోవడంలో ఆనందం పొందుతారు. న్యాయం ప్రధానమైనవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరు పని, అంటే న్యాయసహాయం కావాల్సినవాళ్లకు దారి చూపే పని, బాగా కుదురుతుంది. రిటైరయిన ఉపాధ్యాయులనూ ఉద్యోగులనూ ఆ పనికి తీసుకుంటారు. క్రమం ప్రధానమైన మనిషిని ఆ రెండు చోట్లా వేస్తే నలిగిపోతారు. ఊరి గ్రంథాలయంలో పుస్తకాల జాబితా తయారు చేయమంటే ఎండవేళ కూడా కదలరు.

మిగతా సంఘటనలకు ఈ ప్రశ్న వేయండి: "ఇందులో ఏ ఒక్కటి తీసేస్తే ఇది మామూలు రోజయ్యేది?" వచ్చిన మాటను పక్కన మార్జిన్‌లో రాయండి. ఒకే మాట మూడు ముక్కల్లో కనిపిస్తే దాని చుట్టూ గీత గీయండి.

మూడో మెట్టు: కార్డులు

2001లో అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో విలియం మిల్లర్, ఆయన సహచరులు ఇలాంటి కార్డుల పద్ధతి తయారు చేశారు. అందులో 83 విలువలు ఉంటాయి. మనకు 60 చాలు. మార్జిన్‌లో వచ్చిన మాటలన్నీ ఒక్కో అట్టముక్క మీద రాయండి. తక్కువైతే వీటిలోంచి కలుపుకోండి: నిజాయితీ, న్యాయం, స్వతంత్రం, నేర్చుకోవడం, నేర్పడం, పనితనం, మాట నిలబెట్టుకోవడం, భక్తి, ఆప్యాయత, ఆతిథ్యం, స్నేహం, ఏకాంతం, ప్రశాంతత, సాహసం, అందం, నేలతో పని, ఆరోగ్యం, భద్రత, పొదుపు, దానం, గుర్తింపు, నాయకత్వం, సంప్రదాయం, కొత్తదనం, హాస్యం, క్షమ, క్రమం, ఉపయోగపడటం, పెద్దల జ్ఞాపకం నిలపడం.

కార్డులు మూడు కుప్పలుగా వేయండి. నాకు చాలా ముఖ్యం, ముఖ్యం, అంత ముఖ్యం కాదు. ఒక్కో కార్డుకు ఐదారు సెకన్లకు మించి ఆలోచించవద్దు. మొదటి కుప్పలో 15కు మించితే మళ్లీ వడపోయండి. పది మిగిలాక ఆ రోజుకు ఆపేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ తీసి ఐదుకు దించండి. ఈ విరామం తప్పనిసరి. అప్పటికప్పుడు ముఖ్యమనిపించినవి రెండు రోజులయ్యాక పక్కకు పోవడం సాధారణం.

ఐదుకు దించేటప్పుడు రెండు కార్డులు చేతిలో పట్టుకుని, "ఒకటే దక్కుతుందంటే ఏది?" అని అడగండి. స్వతంత్రం, ఆప్యాయత రెండూ పట్టుకున్నప్పుడు చాలామంది ఆగిపోతారు. ఆగడం మంచిదే. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుండి రావాలా, ఊళ్లో ఉండాలా అన్న తర్జనభర్జన వెనక ఉన్నది ఈ రెండు కార్డులే.

"కుటుంబం" అనే కార్డు రాయకండి. అది అందరి దగ్గరా మొదటి స్థానంలోకి వచ్చేసి, మిగతావన్నిటినీ మింగేస్తుంది. దాన్ని విప్పండి. పిల్లల కష్టం తగ్గించడమా, వాళ్లతో కలిసి కూర్చుని తినడమా, ఇంట్లో మీ మాట చెల్లడమా, వంశం పద్ధతులు కొనసాగడమా? చివరి రెండూ రాయడానికి సంకోచిస్తారు. రాయండి. మాట చెల్లాలనుకోవడం కూడా మనిషికి ఉండేదే. దాచిపెడితే అది కోడలి వంటగదిలోనో అసోసియేషన్ మీటింగులోనో బయటపడుతుంది.

నాలుగో మెట్టు: సాక్ష్యం చూడండి

ఐదు కార్డులూ బల్లమీద పెట్టి పాస్‌బుక్కు తెరవండి. కరెంటు, మందులు, సరుకులు, ఈఎంఐ కొట్టేయండి. మిగిలిన ఖర్చుల పక్కన ఏ కార్డుకు చెందుతుందో రాయండి. తర్వాత ఒక వారంపాటు రోజు ఎలా గడిచిందో గంటల లెక్కన రాసుకుని అదే పని చేయండి.

ఏదైనా కార్డుకు ఆ మూడు నెలల్లో రూపాయీ, ఆ వారంలో గంటా పడకపోతే, దానికి రెండు అర్థాలుంటాయి. అది మీ విలువ కాదు, మీరు మెచ్చుకునే విలువ. లేదా మీదే, ఇన్నాళ్లూ అవకాశం రాలేదు. తేడా తెలుసుకోవడానికి "చేయాలని ఉండి వదులుకున్నవి" చూడండి. అక్కడ కనీసం రెండుసార్లు కనిపిస్తే మీదే. లేదంటే పక్కనపెట్టి ఆరో కార్డు తీసుకోండి.

ఐదో మెట్టు: అరువు విలువలు ఏరివేయండి

మన ఇళ్లలో చాలా విలువలు పాత్రతోపాటు వచ్చి మీద పడతాయి. పెద్దకొడుకు కాబట్టి బాధ్యత, కోడలు కాబట్టి ఓర్పు, మాస్టారు కాబట్టి క్రమశిక్షణ. నలభై ఏళ్లు మోశాక అవి మనవే అనిపిస్తాయి. కొందరికి నిజంగానే సొంతమవుతాయి కూడా. అందుకే ఒక్కో కార్డుకు మూడు ప్రశ్నలు వేసి చూడాలి. ఎవరికీ తెలియకుండా చేయాల్సి వచ్చినా చేస్తానా? నలుగురూ తప్పుపట్టినా చేస్తానా? ఇది మానేస్తే నాకు కలిగేది బాధా, భయమా? మూడో ప్రశ్నకు "భయం" అని వస్తే, అది "ఏమనుకుంటారో" అన్న దగ్గర పుట్టిన కార్డు. తీసేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. దాని మీద మాత్రం రాబోయే ఇరవై ఏళ్లు కట్టుకోవద్దని మా గట్టి సలహా.

ఆరో మెట్టు: మాటను వాక్యం చేయండి

"సేవ" అన్న మాటతో రేపు పొద్దున చేయదగ్గ పనేదీ దొరకదు. ప్రతి కార్డుకూ క్రియతో ఒక వాక్యం రాయండి. "నేర్పడం" అంటే "అర్థం కాక వెనకబడ్డ పిల్ల పక్కన కూర్చుని, అర్థమయ్యేదాకా చెప్పడం." "పనితనం" అంటే "మొదలుపెట్టిన వస్తువును లోపం లేకుండా ముగించి చేతికివ్వడం."

తర్వాత రెండు మూడు విలువలు కలిపి ఒకే వాక్యంలో ఉద్దేశం రాయండి. ఎవరికి, ఏమి, ఏ విధంగా అన్నవి మూడూ ఉండాలి. ఇరవై మాటలు దాటకూడదు. "మా వీధిలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలంటే భయం పోయేలా, డబ్బు తీసుకోకుండా, సాయంత్రాలు చెప్పడం." ఇంత చిన్నదే కావాలి. "సమాజాన్ని బాగుచేయడం" అని రాసినవారు సాధారణంగా మొదలే పెట్టరు.

ఉద్దేశం పాత వృత్తినుంచే రావాలని లేదు, దూరంగా ఉండాలనీ లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1989లో పదవీ విరమణ చేసిన ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ తొంభై దాటాక కూడా విజయనగరంలో ఫిజిక్సే చెప్పారు. రైల్వేలో పనిచేసి రిటైరయిన గంగాధర్ తిలక్ హైదరాబాదు రోడ్ల గుంతలు పూడ్చడం మొదలుపెట్టారు. గిడుగు రామమూర్తి ఉదాహరణ ఇంకా లోతైనది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయ వృత్తి వదిలింది 1911లో. వ్యావహారిక భాష కోసం అంతకుముందే మొదలైన పోరాటం ముమ్మరం కావడం, 1919లో పత్రిక, అరవై దాటాక 1931లో అచ్చయిన సవర భాషా వ్యాకరణం అన్నీ ఆ తర్వాతివే. తెలుగు వ్యావహారికం, కొండల్లోని సవర భాష చూడ్డానికి రెండు పనులు. రెండిటి వెనకా ఉన్నది, నేర్చుకునేవాడికి చదువు వాడు మాట్లాడే మాటల్లో అందాలన్న ఒకే పట్టు. మీ ఐదు కార్డుల్లో కూడా అలాంటి దారం కోసం చూడండి.

ఏడో మెట్టు: నాలుగు వారాల పరీక్ష

కాగితం మీద ఎంత బాగున్నా చేసిచూడకుండా నమ్మవద్దు. వారానికి రెండు రోజులు, రోజుకు రెండు గంటలు, నాలుగు వారాలు. అంటే 16 గంటలు. ఇంటికి నడిచి లేదా ఒక్క ఆటోలో వెళ్లగల దూరంలో ఉండాలి. రెండు బస్సులు మారాల్సిన పని మూడోవారానికే ఆగిపోతుంది, ఆ నేరం మోకాళ్లది, విలువలది కాదు.

చేసిన రోజున కాకుండా మర్నాడు పొద్దున రెండు ముక్కలు రాయండి: మళ్లీ వెళ్లాలని ఉందా, నిన్న ఏ పది నిమిషాలు బాగున్నాయి? చేసిన రోజు సాయంత్రం అలసటో పొగడ్తో లెక్కను పాడుచేస్తాయి. ఎనిమిదింట్లో ఐదుసార్లు "వెళ్లాలని ఉంది" అని వస్తే కొనసాగించండి. మూడుకు తగ్గితే పని మార్చండి, విలువ మార్చకండి. లెక్కలు చెప్పడం కుదరకపోతే అదే విలువతో ఓపెన్ స్కూలు పదోతరగతికి కట్టిన గృహిణికి పాఠం చెప్పి చూడండి.

పరీక్షా కాలంలో మూడు నిషేధాలు. గ్రాట్యుటీ, పీఎఫ్ సొమ్ములోంచి ఒక్క రూపాయీ పెట్టవద్దు. నెలసరి పెన్షన్‌లో నూటికి ఐదు దాటవద్దు. అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవులేవీ ఆరు నెలలదాకా ఒప్పుకోవద్దు. పదవి వచ్చిన వెంటనే పని పోయి తగాదాలు మిగులుతాయి. అప్పుడు మీకు నచ్చనిది పనో పదవో తేలదు.

ఇంట్లో ఇద్దరూ చేస్తుంటే

భార్యాభర్తలు విడివిడిగా చేయాలి. నోట్‌బుక్కులు మార్చుకోవద్దు, ఐదు కార్డులు మాత్రం చూపించుకోండి. మొదటి రోజు ఒకరి కార్డు మీద ఒకరు వ్యాఖ్యానించకూడదు. "నీకు ఏకాంతం ఎందుకూ?" అన్న ఒక్క ప్రశ్నతో పనంతా చెడుతుంది. ఆమెకు ముప్పై ఏళ్లుగా రోజంతా తనదైన ఇంట్లోకి ఆయన రిటైరయి 24 గంటలూ వచ్చి కూర్చున్నారు. ఆ కార్డు అందుకే వచ్చిందేమో అడిగి తెలుసుకోండి. రెండో రోజు ఇద్దరికీ కలిసిన విలువ ఒకటి ఎంచుకుని, దానికి వారంలో ఒక పూట రాసిపెట్టండి. మిగతావాటికి ఎవరి పూటలు వారివి.

మనవల పెంపకం విషయంలో ఈ మాట పిల్లలతో కూడా రావాలి. "చూడను" అనాల్సిన పనిలేదు. "సోమ, బుధ సాయంత్రాలు నాలుగు నుంచి ఆరు వరకు నేను ఉండను" అని గంటలతో చెబితే పిల్లలు సర్దుకుంటారు. గంటలు చెప్పకుండా "నాకూ నా పనులుంటాయి" అంటే అలకలాగా వినిపిస్తుంది.

ఏ కార్డూ పలకకపోతే

కొందరికి కార్డులన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఏదీ ముఖ్యం అనిపించదు. ముందు వినికిడి, చూపు, నిద్ర, థైరాయిడ్, బీ12 చూపించుకోండి. ఈ వయసులో ఉత్సాహం పోవడానికి ఇవి మామూలు కారణాలు. రెండు వారాలకు మించి దిగులు, ఆకలి తగ్గడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టకపోవడం, ఇదివరకు ఇష్టమైనవాటిమీద కూడా ఆసక్తి లేకపోవడం ఉంటే అది విలువల సమస్య కాదు, వైద్యం కావాల్సిన డిప్రెషన్ కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. వృద్ధులకు ఇతర సహాయం కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉంది. నోట్‌బుక్కు అప్పటికి మూసిపెట్టి, కోలుకున్నాక తెరవండి.

ఉద్దేశం ఉంటే ఆయుష్షు పెరుగుతుందని కూడా వింటుంటారు. 2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో, యాభై దాటిన దాదాపు 7,000 మంది అమెరికన్లలో, జీవితానికి ఉద్దేశం ఉందని బలంగా చెప్పినవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. ఆరోగ్యం బాగున్నవారికే ఉద్దేశం నిలబెట్టుకోవడం తేలిక కావచ్చు కూడా, కాబట్టి దీన్ని మందులా చూడవద్దు. బీపీ మాత్ర మానకండి.

కార్డులు ఒక కవరులో వేసి బీరువాలో పెట్టుకోండి. ఏటా ఉగాది తర్వాతి వారంలో ఒకసారి తీసి, పాత ఐదూ చూడకుండా మళ్లీ కుప్పలు వేయండి. నాలుగు అవే వస్తే ఆ ఏడాదికి ఏమీ మార్చనక్కర్లేదు. మూడు మారితే ఆ ఏడాది ఏం జరిగిందో రాసి, ఆరో మెట్టు నుంచి మళ్లీ చేయండి. మోకాలి ఆపరేషనో, పిల్లల దగ్గరకు మకాం మార్చడమో జరిగితే ఉగాదిదాకా ఆగకుండా మూడు నెలలు గడవగానే కూర్చోండి.